చలువ రంగులు

చలువ చేసేవేవో మా నాయనమ్మకి నోటిలెక్క:
సబ్జా, బార్లీ, తాటిముంజ, పెరుగు మీది తేట.
రెప్పల మీద పూసుకునే చలువ కూడా ఒకటుంటుందని
ఆవిడకి ఎవరూ చెప్పలేదు.
నాకు ఫౌజియా చెప్పింది,
కంటి ఆసుపత్రిలో నా పక్క కుర్చీ పిల్ల.
"నీ ఒంటికి వెచ్చటి రంగులే నప్పుతాయంటారక్కా, నమ్మకు.
ఇవి చలువ రంగులు. నీకోసమే పుట్టాయి" అని
పుట్టినరోజుకి చేతిలో పెట్టింది
అరచెయ్యంత డబ్బా.

ఆదివారం. కత్తెర ఎండలు. పెరంబూరు.
ఫ్యాను వేడిగాలిని ఈ గోడ నుంచి ఆ గోడకి మోస్తోంది.
మూత తీశాను.
పన్నెండు గుంటలు, కింద ఇంగ్లీషులో ఏవో పేర్లు.
చదవలేదు. నేనే పెట్టుకున్నాను:
నేరేడు తిన్న నాలుక.
నెమలి మెడ.
వంకాయ పువ్వు.
ఆరో తరగతిలో ఒలికిన ఇంకు.
వాన ముందర ఎన్నూరు వైపు ఆకాశం.
మిగతావాటికి పేరు తోచలేదు.
మూల పెద్ద గుంటలో మెరుపుపొడి,
కాశిమేడులో వంజరం కోసే బల్లకి
పొద్దున్నే అంటుకుని ఉంటుందే, అది.

పదమూడేళ్ళుగా రోజుకి ఎనభై రెప్పలు ఎత్తాను, ఈ బొటనవేలితో.
పైకి చూడండి. కిందికి చూడండి. మంట ఒక్క నిమిషమే.
నా రెప్ప ఎంత పలచనో
ఇవాళ తెలిసింది.
ఉల్లిపొర. దాని కింద గుడ్డు
బెదురుగా కదులుతోంది.

మొదటి పూత బూడిదలా తేలింది.
నల్లటి ఒంటి మీద నీలం ఊరికే పలకదు,
బతిమాలాలి.
వేలు తడి చేసి అద్దాను. మళ్ళీ అద్దాను.
పలికింది.
ఈ ఎడమ కన్ను నాది కాదు,
కాదు కాదు, ఇదే నాది,
ఇన్నాళ్ళూ ఆ కుడిది ఎవరిదో.

అప్పుడే వీధిలో హారన్.
నీళ్ళ లారీ సగం ముఖాల కోసం ఆగదు.
బిందెలు పట్టుకుని మూడంతస్తులూ పరుగు.

వరసలో ప్లాస్టిక్ బిందెలు, ఊదా, నీలం, ఆకుపచ్చ, మళ్ళీ ఊదా.
నా డబ్బాని ఎవరో పెద్దది చేసి
వీధంతా పరిచినట్టు.
నవ్వొచ్చింది. నవ్వుతుండగా
కింది వాటా పొన్నుత్తాయి
నా గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పింది.
"యారు అడిచ్చా, సిస్టర్?"
గొంతు తగ్గించి, పైపు చప్పుడు చాటున.

"అయ్యో, దెబ్బ కాదు. రంగు. పూసుకున్నా."
నమ్మలేదు.
ఇంకా దగ్గరికొచ్చి చూసింది,
ఆసుపత్రిలో నేను కూడా అంత నెమ్మదిగా చూడను.
"అవునులే" అంది చివరికి, వచ్చీరాని తెలుగులో.
"దెబ్బకి అంచు ఇంత నున్నగా ఉండదు.
మొదటిరోజు ఎరుపు. ఈ ఊదా రెండోరోజు.
పచ్చ రావాలంటే వారం.
దెబ్బయితే ఐసు తెచ్చిద్దామనుకున్నా. చలువ."
మామిడిపళ్ళు ముగ్గే లెక్క చెప్పినట్టు చెప్పి
బిందె నిండిందని వంగింది.

ఏదో అనాలి. నోట్లో మాట లేదు.
ఆమె బిందెలు రెండూ ఆమె గుమ్మం దాకా మోశాను,
వద్దు వద్దంటున్నా.

సాయంత్రం మా గిన్నె తిరిగివ్వడానికి పైకొచ్చింది.
డబ్బా ఇంకా తెరిచే ఉంది.
ఊదా దాటింది. ఇంకునీలం దాటింది.
వేలు కొంగుకి తుడుచుకుని
మెరుపుగుంటలో నొక్కింది.
కంటికి కాదు, చెంపకీ కాదు,
మోచేతి కింద ఒక గీత గీసుకుని
కిటికీకి పట్టి అటూ ఇటూ తిప్పింది.
"మీన్‌లా ఉంది" అంది.
గిన్నె బల్ల మీద పెట్టి దిగిపోయింది,
పైట ఆ చేతి మీదికి లాక్కోకుండానే.

నెలైంది.
కుడి కన్నుకీ చెయ్యి తిరిగింది ఇప్పుడు.
మెరుపుగుంట మధ్యలో ఆమె వేలిముద్ర అలాగే ఉంది.
దాని అంచుల నుంచే
పొడి తీసుకుంటున్నాను.