చింతగింజంత

మాయో దీవికి గాలి ఎదురు తిరిగితే
ప్రాయా నుంచి పడవ రాదు.
పడవ రాకపోతే మార్ఫిన్ రాదు.
ఇవాళ్టికి అయిదో రోజు.

తెయొదోరు ముసలాయన ఎముకల్లో
ఎవరో రాత్రంతా ఉప్పు దంచుతున్నారట.
నర్సు జుల్మీరా, మిగిలిన సగం మాత్రని
మళ్లీ సగం చేసి ఆయన నాలిక మీద పెట్టి
లాంతరు తీసుకుని బయల్దేరింది.
అట్లాంటిక్ పాటు మీదుంది.

రాళ్ల కింద వేళ్లు పోనిచ్చి వెతకడం,
దొరికినదాన్ని లెక్క రాసి
అదే రాయి కింద పెట్టేయడం:
యూనివర్సిటీ పిల్ల ఇవోనె నేర్పిన పని.
చింతగింజంత నత్త. వీపు మీద
ఎవరూ చదవని లిపిలో నాలుగు గోధుమరంగు గీతలు.
నోట్లో బోలు కోర, ఈటెలాగ.
పొడిస్తే పురుగు మెలికైనా తిరగదు.

"ఆ విషంలో నూరు రకాల మాటలుంటాయి,
వాటిలో ఏదో ఒకటి నరం చెవిలో 'ఊరుకో' అంటుంది.
దూరపు సముద్రంలో దీని దాయాది ఒకటి
ఎప్పుడో మందై మనుషుల వెన్నులోకి ఎక్కింది.
దీని మాటలే ఇంకా ఎవరూ వినలేదు"
అంది ఇవోనె.

ఇది ఈ ఒక్క తీరపు వంపులోనే ఉంది.
పిల్లలకి ఈత రాదు.
గుడ్డులోంచి పాకుతూ వచ్చి
పుట్టిన రాయి చుట్టే బతుకు వెళ్లదీస్తాయి.
పక్క వంపులో ఒక్కటి లేదు. ఎప్పుడూ లేదు.

ఇక్కడే ఇసుక తవ్వే ఆడవాళ్లు,
నడుం దాకా నీళ్లు, తల మీద డబ్బా.
అందరికంటే ముందు నడిచేది జుల్మీరా చెల్లెలు నిల్సా.
హోటల్ కట్టేవాళ్లు డబ్బాకింతని ఇస్తారు.
"నీ నత్తలు నా పిల్లకి బూట్లు కొంటాయా?"
నిన్న అడిగింది.
జుల్మీరా లాంతరు వత్తి ఎగదోసింది, అంతే.

నిరుడు ముప్పై ఒకటి. ఈ రాత్రి తొమ్మిది.
పదోదాని కోసం ఇంకో గంట వంగింది.
తొమ్మిదే.

తెల్లారేసరికి ముసలాయన మెలకువగానే ఉన్నాడు.
"అవా? చిన్నప్పుడు ఏరి అమ్మేవాణ్ణి.
ఓడ దిగిన దొరకి సంచి నింపిస్తే
ఒక నాణెం, ఒక బిస్కత్తు.
పెంకు మెరవాలని ఉడకబెట్టేవాళ్లం.
లోపలిది కుక్కలైనా ముట్టేవి కావు."
దుప్పటి మీద వేళ్లతో ఏదో లెక్కపెట్టి,
మధ్యలో మరిచిపోయి,
"ఎన్ని సంచులో" అన్నాడు.

ఆమె కిటికీ తెరిచింది.
పడవ జాడ లేదు.
నిల్సా ఖాళీ డబ్బాతో నీళ్లలోకి దిగుతోంది,
పాదం ఏ రాయి మీద పడుతోందో
ఇక్కణ్ణుంచి కనిపించదు.