ఒక ‘గ’ చేరితే

రొట్టెల కొట్టు వెనక గది. ఒరూరో చలి.
నల్లబల్ల లేదు.
పిండి జల్లిన చెక్కబల్ల మీద
వేలితో రాస్తాను క్రియల్ని.
ఆరుగురు ఆడవాళ్లు, తలమీంచి తీయని ఆరు టోపీలు.

“కియెరో అనకండి.
‘నాకు కావాలి’ అంటే అప్పు వసూలుకొచ్చినట్టుంటుంది.
కిసియెరా అనండి.
కోరికని ఒకడుగు వెనక్కి జరిపి
గుమ్మం బయట నిలబెట్టండి.”

నికోలాసా నవ్వింది.
“మా కెచువాలో అంత దూరం జరగక్కర్లేదు మేస్టారూ.
జముయ్ అంటే రా.
మధ్యలో ఓ ‘రి’ వేస్తే జమురియ్.
కాస్త రావూ, అన్నట్టు.
మాకు చిటికెడు ఉప్పు చాలు. మీకు బస్తా కావాలి.”

నిజమే.
ముప్పై ఏళ్లు రైలు టికెట్లమ్మినవాణ్ణి.
కిటికీకి ఇవతల కూర్చుని
ఆ ‘రి’ వినపడక
“సరిగ్గా మాట్లాడు” అని కసిరినవాణ్ణి.

సరే, పాఠం.
“పనీ నీదే, ఫలమూ నీదే అయితే ‘పారా’ చాలు.
పారా దోర్మీర్, నిద్రపోవడానికి.
పని నీది, నిద్ర ఇంకొకరిదైతే
‘పారా కె’ రావాలి, వెనకే క్రియ రూపు మారాలి.
ఎందుకంటే...”
ఎందుకో పుస్తకంలో ఉంది. నోటికి రాలేదు.
ఎదుటివాడి నిద్రకి ఎవరు పూచీ?

“ఓయె, అతను వింటాడు. ఖాయం.
ఓయ్‌గా, అతను వినాలని.
ఒక ‘గ’ చేరితే ఖాయం కాస్తా ఆశ అయిపోతుంది.”
పిండిలో ఆ స్పానిష్ అక్షరం
పోగు వేలాడే చెవిలా ఉంది.

“ఓయ్‌గా అంటే నర్సుని పిలిచే మాట కదూ?”
“అవును. ఓయె అంటే ఓయ్ అని కేకేసినట్టు.
ఓయ్‌గా అంటే, ఏమండీ.”
“రెండూ ఒకే మాటా?”
ఒకే మాట.
పుట్టినప్పట్నుంచీ నా నోట్లోనే ఉంది,
ఇవాళ చూశాను.

రేపటి కోసం ఒక వాక్యం రాసిమ్మంది.
ఆసుపత్రిలో మూడో మంచం, ఎలియోదోరో.
తగరపు గనిలో ఇరవై రెండేళ్లు.
రాతిదుమ్ము ఊపిరి తిన్నది,
డైనమైట్లు చెవులు తిన్నాయి.

ఓయ్‌గా సెన్యోరీతా,
పొద్రీయా అబ్రీర్ లా వెంతానా
పారా కె ఓయ్‌గా లా యూవియా.
ఏమండీ సిస్టరుగారూ, కిటికీ కాస్త తెరవగలరా,
ఆయనకి వాన వినపడేటట్టు.

పదిసార్లు పలికింది. పదకొండోసారి గొంతు జారి
మళ్లీ మొదట్నుంచి.
“ఆయనకి వినిపిస్తుందా అసలు?” పక్కనున్న సెవెరినా అడిగింది.
“ఏమో. అందుకేగా ‘గ’ పెట్టింది.”

రొట్టెలాయన నీళ్ల బిందెతో వచ్చాడు,
పిండి కలపాలి, బల్ల ఖాళీ చెయ్యమన్నాడు.
సుయరియ్, అన్నాను.
కాస్త ఆగవూ.
‘రి’ ఎక్కడ ఒత్తాలో తెలియక తప్పు పలికానేమో,
ఆరు టోపీలూ ఒక్కసారి కదిలాయి నవ్వుతో.
నికోలాసా మాత్రం బల్లకి అడ్డంగా చేతులు చాపి
ఇంకా చదువుకుంటోంది.