ఎడమ వైపు ఎత్తు

కంచరపాలెం రైల్వే క్వార్టర్లలో
మా ఇంటికి టీవీ వచ్చిన తొమ్మిదో రోజు, ఆదివారం.
ఉప్పుగాలికి అప్పుడే తుప్పు మొదలైన యాంటెనాను
కైలాసగిరి వైపు తిప్పి పట్టుకుని
డాబా మీద మా తవిటిబాబు చిన్నాన్న:
"వచ్చిందేట్రా?"
"బొమ్మొచ్చింది, మాట పోనాది!"
"మరిప్పుడో?"
"మాటొచ్చింది, మనుషులు ఒంకరగున్నారు!"

అమ్మ మాత్రం రాలేదు.
కుట్టుమిషను కోసం రెండేళ్లు కట్టిన చీటీని
నాన్న చెప్పకుండా పాడి తెచ్చిన పెట్టె అది.
తొమ్మిది రోజులుగా దాని మొహం చూడలేదు,
ఆయన మొహమూ చూడలేదు.
అన్నం పెట్టేది, కంచం చప్పుడయ్యేలా.
ఆ పూట వంటింట్లో గోడకేసి తిరిగి కూర్చుని
చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

సినిమా హిందీది. జనం వరండా దాకా.
భాష వచ్చినవాళ్లు ఇద్దరే:
మధ్యమ పరీక్ష రెండుసార్లు తప్పిన నాన్న,
ఖరగ్‌పూర్‌లో ఇరవై ఏళ్లు చేసొచ్చిన గార్డు బెహరా గారు.
బెహరా గారు మాట్లాడే మనిషి కాదు.
అంచేత నాన్నే చెప్పాడు, ప్రతి మాటా, గొంతెత్తి.
యార్డులో వాగన్లు ఢీకొనే చప్పుడుకి
టీవీలో మాట వినపడకపోయినా
ఆయన తెలుగు ఆగలేదు.

కథ పెద్దదేం కాదు. ఒక గుమాస్తా.
చుట్టాలొస్తున్నారని పక్కింటి సోఫా అరువు తెస్తాడు.
అది గుమ్మంలో ఇరుక్కుంటుంది.
ఇటు రాదు, అటు పోదు.
లోపల పెళ్లాం, బయట మొగుడు.
సోఫా కిందనుంచి పాలగిన్నె, పైనుంచి చంటిది,
ముసలాయన మాత్రలు, టిఫిన్ డబ్బా, కరెంటు బిల్లు.
మేం పడీ పడీ నవ్వాం.
బెహరా గారు మాకన్నా ఓ క్షణం ముందు నవ్వేవారు,
కొన్నిచోట్ల ఆయనొక్కరే.

తర్వాత రాత్రి. వీధి దీపం.
గుమాస్తా సోఫా మీదికి వంగి పెళ్లాంతో ఏదో అన్నాడు.
నాన్న కాస్త ఆగాడు.
టీవీ వైపు కాదు, వంటింటి వైపు తిరిగి
"తప్పు నాదేనంటున్నాడు" అన్నాడు.
గుమాస్తా మళ్లీ అన్నాడు, ఈసారి గట్టిగా.
"అడిగి చెయ్యాల్సిందంటున్నాడు."
మూడోసారి చేతులూపుతూ, చెమటలు కారుతూ.
"వచ్చే ఏడు కొంటానంటున్నాడు.
ఏం కొంటాడో చెప్పలేదు."

చిక్కుడుకాయల చప్పుడు ఆగింది.
"ఏటీ, అంత మాటన్నాడేటి ఆడు?"
తొమ్మిది రోజుల తర్వాత, వంటింట్లోంచి.

"అన్నాడమ్మా" అన్నారు బెహరా గారు.
ఆ సాయంత్రం ఆయన మాట్లాడింది అదొక్కటే.

అమ్మ చేటతో సహా వచ్చి
గుమ్మానికి చేరబడింది.
మిగతా సినిమా నాకు గుర్తులేదు.
కుట్టుమిషను వచ్చే ఏడు రాలేదు,
ఆ పై ఏడూ రాలేదు. మూడో ఏడు వచ్చింది.

మొన్న గాజువాక బస్సులో
ఎన్ఏడీ దగ్గర ట్రాఫిక్ కదలకపోతే
ఫోన్‌లో ఆ సినిమా దొరికింది.
కింద తెలుగులో మాటలు వస్తున్నాయి.
రాత్రి. వీధి దీపం. గుమాస్తా వంగాడు.

"ఎడమ వైపు ఎత్తు."
"నీ ఎడమ కాదే, నా ఎడమ!"
"ఎత్తుతున్నావా, నిద్రపోతున్నావా?"

కండక్టరు వచ్చి ఏమైందమ్మా అనడిగేదాకా నవ్వాను.
కళ్లు తుడుచుకుంటే నవ్వు వల్లేనని చెప్పాను.

ఇంటికెళ్లి అమ్మ ముందు ఫోన్ పెట్టాను.
నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నాడు,
తిరగేసి పట్టుకున్నట్టు చూసుకోలేదు.
"కింద రాసింది చదువమ్మా, అద్దాలు పెట్టుకో."
అద్దాలు ఒళ్లోనే ఉన్నాయి. తియ్యలేదు.

"ఆడేటన్నాడో నాకు తెల్సులే" అంది.
"నువ్వు కాస్త పక్కకి జరుగు,
సోఫా కనపడ్డం లేదు."