అక్షరం లేని డ్రైవు

నారిన్‌లో ఇవాళ మైనస్ ఇరవై రెండు.
బజారు వెనక నా దుకాణం తలుపు
భుజంతో గుద్దితే గాని లోపలికి రానివ్వలేదు ఎసెన్‌కుల్ బైకెని.
తలకుండాల్సిన ఉన్ని టోపీ చేతుల్లో ఉంది,
టోపీలో, గూట్లో గుడ్డులా, నల్లటి హార్డ్ డిస్క్.
వెనకాలే టాక్సీ డ్రైవరు
ఆఫీసు కంప్యూటరు డబ్బాని ఎత్తుకొచ్చాడు.
దారంతా దానికి సీటు బెల్టు పెట్టారట.

"చచ్చిపోయింది" అన్నాడు.
"ఆ మాట అనాల్సింది నేను.
ముందు చెవులు కాచుకో."

తీగ పట్టుకోబోతే వద్దన్నాను.
చలిలోంచి వచ్చిన ఇనుముకి
వెచ్చటి గదిలో చెమట పడుతుంది,
లోపలి పళ్ళెం మీద ఒక్క చుక్క చాలు.
గంట సేపు ఊరుకున్నాం.
మూడు కప్పుల టీ,
వాళ్ళావిడ కట్టిచ్చిన బోర్సోక్ సగం సంచి,
పైన కనుమలో కర్ర పాతి మంచు కొలిచే మనిషి
మాటలు కొలుచుకునే మాట్లాడాడు.
"పంతొమ్మిది చలికాలాలు అందులో ఉన్నాయి" అని
ఒకసారి. మళ్ళీ టీ.

అప్పుడు చెవికి ఆనించి విన్నాను.
టకటకలు లేవు, గీకుడు లేదు,
సన్నగా, నిద్రపోతున్న పిల్లి గొంతు.
దీపం వెలుగుతోంది. తెర మీద మాత్రం ఏమీ లేదు.

తీగ చూశాను. ఫోను చార్జరుది.
వెడల్పు రంధ్రంలో సగానికి దూరి
సరిపోయినట్టు నటిస్తోంది.
అన్నం పెడుతుంది గాని కబురు మోయదు ఇలాంటి తీగ.
మా అత్తగారి చెల్లెలు గుర్తొచ్చింది, పైకి అనలేదు.

తీగ మార్చాను. ముందువైపు పోర్టులో పెడితే
తెలిసినట్టే తల ఊపి, మరుక్షణం మర్చిపోయింది.
డబ్బా తిప్పాను.
వెనక, దుమ్ములో, బోర్డుకే పుట్టిన పోర్టు.
అక్కడ పెట్టాను.
టుంగ్ మంది.

ఎసెన్‌కుల్ లేచి నిలబడ్డాడు.
కూర్చోమన్నాను, ఇంకా కిటికీ తెరుచుకోలేదు.
డిస్కుల పట్టికలోకి వెళ్ళి చూస్తే, ఉంది!
అడుగు వరసలో, నీలం గీత కింద,
ఆరోగ్యంగా, నిండుగా, పేరు లేకుండా.
అక్షరం లేదు దానికి.
ఆఫీసు వాళ్ళ నెట్‌వర్క్ ఫోల్డరు ఒకటి
E మీద తువ్వాలు వేసి పోయింది,
మళ్ళీ రాలేదు, సీటు వదల్లేదు.
ఇది లోపలే ఉండి, గుమ్మం దగ్గర నిలబడి ఉంది ఇన్నాళ్ళూ.

కుడి బటను నొక్కితే వరసగా దిగాయి:
అక్షరం మార్చు. దాని కిందే, వేలెడు దూరంలో, ఫార్మాట్.
"ఇదేనా?" అని ఆయన వేలు
సరిగ్గా దాని మీదకే వెళ్ళింది.
ఆ వేలిని పట్టుకుని
టీ కప్పు చుట్టూ చుట్టి పెట్టాను.

"ఏ అక్షరం కావాలి?"
"మనమే ఎంచుకోవచ్చా?"
పిల్లాడి పేరు అడిగినట్టు ఆలోచించాడు.
"K. కార్." మా భాషలో మంచు.

ఇచ్చాను.
తెరుచుకుంది.
అంకెలు, అంకెలు, సెంటీమీటర్లు,
ఒక్క ఫొటో లేదు, ఒక్క పాట లేదు.
ఏడాదికో ఫోల్డరు. ఒకటి మాత్రం ఖాళీ.
నా గుండె జారింది.
"ఇది పోయింది, బైకె."
"పోలేదు. ఆ ఏడు కాలు విరిగింది.
ఎవరూ కొలవలేదు."
అని మోకాలు రుద్దుకున్నాడు,
ఎంత లోతో దానికి తెలిసినట్టు.

నకలు తీయడానికి సాయంత్రమైంది.
తీయబోతే మళ్ళీ ఆపాను:
సురక్షితంగా, అని అది అనేదాకా ఉండు.
ఉన్నాడు. టోపీ ఈసారి తలకే పెట్టుకున్నాడు,
డిస్కుని చొక్కా లోపల, ఒంటికి ఆనించి.

చార్జరు తీగ మర్చిపోయి వెళ్ళాడు.
నా ఫోనుకి బాగానే పనిచేస్తోంది.