నీలి దీపం కింద

తబకుందో దగ్గర గులాబీల ప్యాకింగ్ షెడ్డులో
కిటికీలకు నల్ల ప్లాస్టిక్ కట్టాం.
బయట కయాంబే కొండ మీద మంచు
కళ్ళు చెదిరేలా ఎండ కాస్తోంది.
లోపల పదకొండు మంది, ఒక బల్ల,
నా చేతిలో ఇంకా వెలిగించని దీపం.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి.
ఆరేళ్ళు ఈ షెడ్డులోనే పరీక్ష పెట్టాను నేను.
నలభై ప్రశ్నలు, అన్నీ స్పానిష్‌లో.
డబ్బా మీద ఎర్ర పట్టీ ఉంటే ఏమిటర్థం,
మందు కొట్టిన చోటికి ఎన్ని గంటలకు మళ్ళీ వెళ్ళొచ్చు,
గాలి ఎటు వీస్తే ఎటు నిలబడాలి.
సగం మందికి ఇంట్లో కిచువా,
తిట్టుకోవడానికీ కిచువా, కలలోనూ కిచువా.
బస్సు వేళవుతుంటే నేనే గొణిగేదాన్ని:
బి. బి. సి. ఏ. మళ్ళీ బి.
అందరూ పాస్.
కార్డులకు ఫొటోలు అంటించి, లామినేషన్ చేయించి
చేతులు దులుపుకున్నాం.

దులుపుకున్న చేతుల్లోంచి
ఏం రాలిందో చూడలేదు.

సెగుందో ఇంబాకింగో. కార్డు నంబరు నాలుగు వందల పదిహేడు.
తొమ్మిదో గ్రీన్‌హౌస్‌లో, వీపున పంపు ఉండగానే
మోకాళ్ళ మీద కూలబడ్డాడు.
అలసట అన్నారొకరు. రాత్రి తాగింది దిగలేదన్నారొకరు.
కంటిపాపలు సూదిమొనలంత అయ్యాయని
నర్సు ఒక్కతే చూసింది.
బతికాడు. ఇప్పుడు గేటు దగ్గర కుర్చీలో ఉంటాడు.
నేను వస్తుంటే "టీచరమ్మా" అంటూ లేవబోతాడు.
లేవొద్దని చెప్పడానికి
నాకు ఏ భాషలోనూ గొంతు రాదు.

అందుకే ఇవాళ కాగితం లేదు.
పంపుల్లో ఉత్త నీళ్ళు,
నీళ్ళలో మామూలు వెలుతురుకు దొరకని ఒక పొడి.
రోజూ కొట్టినట్టే కొట్టండి అన్నాను.
కొట్టారు. మాస్కులు తీశారు, గ్లౌజులు లాగేశారు.
కొందరు చేతులు కడుక్కున్నారు,
కొందరు కడుక్కున్నామనుకున్నారు.
హాజరు పట్టీలో సంతకాలు పెట్టారు.
తలుపు మూసి దీపం వెలిగించాను.

మొదట నవ్వులే.
త్రాన్సితో జడ పొడుగునా నీలం పాకింది.
ఒకడి బెల్టు, ఒకడి చెవి తమ్మె, ఒకడి ఫోనులో
నవ్వుతున్న పసిపిల్ల బుగ్గ.
అక్కడ నవ్వు కాస్త తగ్గింది.
ఎఫ్రైన్ ఇటు తిరిగాడు:
పెదవులు రెండూ మెరుస్తున్నాయి.
నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదడం
పదహారేళ్ళ అలవాటు.
ఎవరూ మాట్లాడలేదు.
వాడు మాత్రం ఏమైందేమైందని
మెరిసే నోటితోనే అడుగుతున్నాడు.

చివర్న ముసలి విర్హీలియో.
అక్షరం ముక్క రాదని, వేలిముద్రగాడని
రెండుసార్లు నేనే ఫెయిల్ చేసినవాడు.
దీపం మెడ మీద పెట్టాను, మణికట్టు మీద, గోళ్ళ సందుల్లో.
చీకటి. ఎక్కడ చూసినా చక్కని చీకటి.
గ్లౌజులు తొడుక్కునే కడిగాడట, ఆ తర్వాత
గొర్రె తోలు ఒలిచినట్టు లోపలిది బయటికి ఒలిచాడట.
ఎవరు నేర్పారన్నాను.
"నాకు డబ్బా మీద పుర్రె బొమ్మ ఒక్కటే అర్థమైంది.
మీకు మిగతాదంతా అర్థమైంది కాబట్టి
మీకు భయం పోయింది."

దీపం ఆర్పబోతూ బల్ల మీదికి తిప్పాను.
హాజరు పట్టీ నిండా వేలిముద్రలు,
చదువొచ్చినవాళ్ళవి.
పక్కన నా పెన్ను, నిలువునా నీలం.
అందరి చేతులూ తిరిగి వచ్చిన పెన్ను.
ఆలోచిస్తూ మూత కొరకడం నా అలవాటు.
త్రాన్సితో మెల్లగా నా చేతిలోంచి దీపం తీసుకుని
నా ముఖం మీదికి తిప్పింది.
అద్దం అడగలేదు నేను.

సూపర్‌వైజర్ తలుపు తోసి
ఎందరు పాసయ్యారని అడిగాడు.
ఒకరు, అన్నాను.
మరి కార్డులో? రేపు తనిఖీకి వస్తారు!
రానివ్వండి, దీపం ఇక్కడే ఉంటుంది.

షెడ్డు వెనక కుళాయి దగ్గర విర్హీలియో
వేలు వేలుకీ ఆగుతూ చూపిస్తున్నాడు.
వరుసలో చివర నిలబడ్డాను.
నా ముందు పదిమంది.
రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది.
పోనీ.