ఒక్క పోతకే

పోలయ్య గోతం దించితే
బజారు వీధిలో మా కొట్టు గడపకి సముద్రం వాసనొస్తుంది.
దుగరాజపట్నం నించి నాయుడుపేట,
అక్కడ నించి తిరుపతి, తిరుపతి నించి చిత్తూరు,
మూడు బస్సుల్లో మూడు మార్లు టికెట్టు కొన్న గోతం.
లోపల కణవాయి ఎముకలు, తెల్లగా,
అరచేయంతవి కొన్ని, మూరకి దగ్గరగా కొన్ని.
మందుల కొట్టు శెట్టి వీటినే కడలి నురుగంటాడు,
చెవిపోటుకి నూరి ఇస్తాడు.
మాకు అచ్చు.

రెండుగా కోసి, ముఖాముఖి రుద్ది,
గోరు ఆనించినా దిగిపోయే ఆ మెత్తదనంలో
నగ రూపు తొలిచి, మూసి, ఇనప తీగ చుట్టి
కరిగిన వెండి పోస్తాను.
చుర్రుమంటుంది. కాలిన చేప వాసన.
ఒక్క పోతకే మాడిపోతుంది.
రెండో మెట్టెకి రెండో ఎముక వెతుక్కోవాల్సిందే.

మొన్న కాలేజీ జువాలజీ మేడం గజలక్ష్మి
అరిగిన మెట్టెలు కరిగించి కొత్తవి పోయమని వచ్చి
మెట్టెల సంగతి మరిచి ఎముక పట్టుకుని కూర్చునింది.
"ఈ గీతలు చూడు, ఒక్కో గీతా ఒక్కో గది.
నీళ్లు తోడేస్తే తేలుతుంది, నింపుకుంటే మునుగుతుంది."
నేను త్రాసు వైపు చూసినాను.
గురిగింజ తేడాకే వొణికే ముల్లు.
యాడో నడి నీళ్లలో ఒక ప్రాణి
వీపులో త్రాసు పెట్టుకుని
పడకుండా లేవకుండా నిలబడి ఉండాది.

గుండెలు మూడంట.
మొప్పకొకటి, ఒళ్లంతటికీ ఇంకొకటి.
నెత్తురు ఎరుపు కాదంట, రాగి కలిసిన నీలం.
రాగి సంగతి నాకు తెలుసు.
అది కలవని బంగారం వేలి మీద వొంగిపోతుంది.
కంటిపాప వంకీ ఉంగరం మాదిరి ఒంపులు తిరిగి ఉంటుందంట.
ఎనిమిది చేతులు కాక దాచుకున్నవి రెండు,
రొయ్య కనపడితే విసిరేది ఆ రెంటినే.
మగది ఒంటి మీద చారలు పారించి
ఎదుటి మగదాని పక్కన నిలబడి కొలుచుకుంటుంది.
దాని చుట్టాల్లో ఒక జాతిలో
గెలవలేని చిన్నది ఆడదాని రంగేసుకుని
పెద్దదాని కళ్లెదుటే జతకి చేరుతుందంట.
ఇసక మీద ఇసక, రాతి మీద రాయి, పాచి మీద పాచి.

"ఇన్ని రంగులు మారుస్తుందా,
దానికి రంగులే కనపడవు" అనింది మేడం.

కుంపటి అవతల నాయిన తల ఎత్తినాడు.

నలభై ఏళ్లుగా బజారు వీధికి తెలియనిది ఇది:
మా నాయిన సిద్ధలింగాచారికి కెంపూ పచ్చా ఒక్కటే.
ఆరేళ్లప్పటి నించి
గిరాకీ ఎదురుగా ఉంటే నేను దగ్గేదాన్ని.
కెంపుకి ఒకసారి, పచ్చకి రెండుసార్లు.
పాలసముద్రం నించి వచ్చే ఒక పెద్దామె
పాపం, ప్రతిసారీ నాకు కరక్కాయ తెచ్చిచ్చేది.
ఆయన కట్టిన కమ్మలు ఎన్ని చెవులకి ఊగుతుండాయో,
ఒక్క రాయీ తప్పలేదు.

నాయిన ఆ ఎముక అందుకున్నాడు.
బరువు చూసినాడు. చెంపకి ఆనించుకున్నాడు.
"మరి దానికెవరు దగ్గుతారమ్మా?" అన్నాడు.

మేడంకి అర్థం కాలేదు.
నాకు నిజంగానే దగ్గొచ్చింది.

ఆడది గుడ్లు పెట్టినాక ఎక్కువ రోజులుండదంట.
పగడపు సందులోనో, వదిలేసిన వలతాడుకో
ద్రాక్ష గుత్తి మాదిరి అంటించి,
తిండి మాని, పాలిపోయి, పైకి తేలుతుంది.
కండ చేపలకీ కాకులకీ.
ఎముక ఒక్కటే గట్టుకొస్తుంది, పోలయ్య చేతికి.
పిల్లలేమో గుడ్డులో ఉండంగానే
పొరలోంచి బయటికి చూస్తుంటాయంట,
ఏం తిని బతకాలో.

ఈ రాత్రి మేడం మెట్టె పోసినాను.
చల్లారినాక తీగ విప్పితే
వెండి మీద ఎముక గీతలు దిగి ఉండాయి,
అల వెనక్కి పోయినాక ఇసక మీద మిగిలేవి మాదిరి.
నాయిన రోజుల్లో అయితే ఆకురాయి పట్టి నున్నగా చేసేవాళ్లం.
ఆకురాయి చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ పెట్టేసినాను.

నాయిన మెట్టె మీద బొటనవేలు నడిపిస్తా
"ఎన్నుండాయి?" అన్నాడు.

దీపం దగ్గరికి జరుపుకుని
లెక్కపెడతా ఉండాను.