మూడూ పన్నెండు

ఓస్మో,
నీ వయసు నలభై నాలుగని తేలిందట.
సీసాడు నెత్తురు హెల్సింకీ దాకా వెళ్లి
కాగితమై తిరిగొచ్చింది.
వంటింటి బల్ల మీద దాన్ని పరిచి
క్లాసులో మొదటొచ్చిన పిల్లాడిలా నిలబడ్డావు.
పుట్టింది అరవై నాలుగులో కదా అంటే
అది క్యాలెండరు మాట అన్నావు,
క్యాలెండరేదో పొరుగింటి గయ్యాళి అయినట్టు.

సరే.
వేలికి ఉంగరం. నేను తొడిగింది కాదు,
అది బిగువై సొరుగులో ఉంది.
మణికట్టుకి గడియారం.
జబ్బకి నాణెమంత బిళ్ల,
దాని కింద చర్మంలో వెంట్రుకంత తీగ,
రొట్టెముక్క కొరికితే చాలు
చాడీ చెప్పేస్తుంది.
మొన్న జామ్ ఒక్క చెంచా నాకావని
నీ ఫోను నీ మీదే అరిచింది.
నేను నవ్వాను. నువ్వు నవ్వలేదు.

ఎనిమిదయ్యేసరికి మన ఇంట్లో దీపాలు ఎర్రబడతాయి.
పడకగది పదహారు డిగ్రీలు.
నేను ఉన్ని మేజోళ్లతో, నువ్వు లెక్కలతో
చెరో అంచున.

హిల్ప పిన్నికి తొంభై మూడు.
ఇప్పటికీ శనివారం పొద్దున్నే
నది మీది మంచుకి కోసిన కన్నంలోకి
టోపీ తీయకుండా దిగుతుంది.
ఈ చలినీళ్ల వల్ల ఎన్నేళ్లు కలిసొస్తాయని
నోటు పుస్తకం తీసి ఆమెనడిగావు.
"ఏమో నాయనా,
బయటికొచ్చాక కాఫీ రుచిగా ఉంటుంది" అంది.
నువ్వు కాఫీ అని రాసుకుని
ఎన్ని కప్పులన్నావు.

నేనూ ఒక లెక్క వేశాను,
కూరల చీటీ వెనక.
ఏడాదికి రెండేళ్ల చొప్పున నువ్వు వెనక్కి నడిస్తే
ఇంకో ఎనిమిదేళ్లకి ఇరవై ఎనిమిది.
ఆ పై చలికాలం
నీకు ఇరవై ఏడు, అంటే కేమి స్టేషను,
రైలు తప్పిపోయిన మనిద్దరం
ఒకే బల్ల మీద తడి బూట్లతో కూర్చున్న రాత్రి.
అక్కడ ఆగుతావా?
ఇంకొక్క అడుగు వెనక్కేస్తే
నేనింకా ఆ బల్ల దగ్గరికి రాలేదు.
నా జాగాలో సంచీ పెట్టుకుని
నువ్వొక్కడివే ఉంటావు.
నాకేమో డెబ్బై దగ్గరపడి ఉంటుంది.
ఎవరో పెద్దావిడ పాపం అనుకుని
మర్యాదగా లేచి చోటిస్తావు కాబోలు.

మీ నాన్న సంగతి నాకు తెలుసు.
కాగితం మిల్లులో షిఫ్టు మారే వేళ, యాభై రెండేళ్లకి.
ఆయన తిండిడబ్బా ఒక్కటే
మూత తీయకుండా ఇంటికొచ్చింది.
ఆ డబ్బాలోనే ఇప్పుడు నీ మాత్రలు,
పొద్దుటికి పదకొండు.
అందుకే నిన్ను వెక్కిరించబోయి
సగంలో ఆపేస్తుంటాను.

నిన్న రాత్రి మెలకువ వచ్చింది.
మంచు ఎత్తే బండి వీధిలో పోతోంది,
దాని పసుపు దీపం గోడ మీదుగా
నీ ముఖం మీదుగా సాగిపోయింది.
అప్పుడు నీకు అరవై ఒకటీ లేదు, నలభై నాలుగూ లేదు,
గడ్డం మాసి ఉందంతే.
దుప్పటి దాటి వచ్చి
నీ రొమ్ము మీద చెయ్యి వేశాను. చల్లటి చెయ్యి.
నువ్వు కదల్లేదు.
లోపల గుండె మాత్రం
గడప దాకా వచ్చి, ఎవరా అని చూసి,
నేనే కదా అని వెళ్లిపోయింది.

పొద్దున ఫోను చూసి నొసలు ముడిచావు.
"మూడూ పన్నెండుకి ఏదో అలజడి.
కారణం తెలీదంటోంది.
నిద్రకి ఆరు మార్కులు కోసేసింది.
నీకేమైనా చప్పుడు వినపడిందా?"

గంజి కలుపుతున్నాను,
ఓట్స్ గంజి, ఉప్పు లేకుండా, నీ తూకం ప్రకారమే.
లేదే, అన్నాను.

ఈ రాత్రి కూడా
చేతులు కాచుకుని పడుకునే ఉద్దేశం
నాకేం లేదు.